ఏ ఫ్యూజులో గుచ్చాలి

శనివారం. డాలస్.

ఎండ ముదిరితే గ్యారేజీలో కారు లోపల కూర్చోలేం, అందుకే ఏడున్నరకే పని మొదలు. రాడార్ డిటెక్టరు (పోలీసుల స్పీడ్ రాడార్ ఉంటే ముందే అరిచే పెట్టె) వైరుని సిగరెట్ సాకెట్లోంచి పీకేసి, ఫ్యూజు పెట్టె నుంచి నేరుగా కరెంటు ఇవ్వాలి. మెలికల తీగ అద్దం దగ్గర్నుంచి గేరు దాకా వేలాడటం చూడ్డానికి బాగోదు సరే, దొంగకి కూడా దూరం నుంచే కనిపిస్తుంది.

గంటన్నర పని. వైరు దాచడానికి పట్టేది ఇరవై నిమిషాలే, మిగతాదంతా ఏ ఫ్యూజు వాడాలో తేల్చుకోవడానికే పోతుంది. వీడియోల్లో ఈ భాగాన్ని ముప్పై సెకన్లలో దాటేస్తారు.

కారు ఆపేశాక కూడా కరెంటు ఉండే ఫ్యూజుకి తగిలిస్తే డిటెక్టరు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. అది లాగేది తక్కువే. 0.3 ఆంపియర్లు అనుకున్నా రోజుకి 7.2 ఆంపియర్-అవర్లు, వారానికి 50. మామూలు కారు బ్యాటరీ మొత్తం కలిపి 60 దరిదాపుల్లో ఉంటుంది. నెల రోజులు ఇండియా వెళ్ళొచ్చేసరికి కారు కదలదు, జెట్ లాగ్‌తో, ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే జంపర్ కేబుళ్ళు వెతుక్కోవాలి.

అందుకని ముందు వోల్టులు కొలిచే మల్టీమీటరు. నల్ల మొనని బయటికి కనిపించే ఇనప బోల్టుకి ఆనించి, ఎర్ర మొనని ఫ్యూజు నెత్తిన ఉండే రెండు చిన్న లోహపు చుక్కల మీద ఒక్కొక్కదానికీ పెట్టి చూడాలి. కారు ఆన్‌లో 12 వోల్టులు పైన, ఆఫ్‌లో సున్నా రావాలి. చిక్కేమిటంటే ఇప్పటి కార్లు ఆపిన వెంటనే నిద్రపోవు. లోపలి కంప్యూటర్లు పడుకోడానికి పది, ఇరవై నిమిషాలు పడుతుంది, తలుపు తెరిచి ఉంటే అసలు పడుకోవు. తెరిచిన తలుపు అంచున ఉండే గొళ్ళేన్ని స్క్రూడ్రైవరుతో లోపలికి తిప్పితే కారు తలుపు మూసుకుందనుకుంటుంది. తర్వాత హ్యాండిల్ లాగి గొళ్ళేన్ని మళ్ళీ వదలాలి. మరిచిపోయి తలుపు దబాల్న వేస్తే గొళ్ళెం వంగుతుంది.

వెనక వైపరు, సీటు హీటరు, పవర్ సాకెట్ లాంటి ఫ్యూజులు వాడుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ బ్రేకులు, ఇంజిన్ కంప్యూటర్, ఫ్యూయల్ పంపు, వీటి జోలికి మాత్రం వెళ్ళకూడదు. చార్టు ఫ్యూజు పెట్టె మూత వెనకో, మాన్యువల్లోనో ఉంటుంది.

ఫ్యూజు గాడిలో గుచ్చి ఇంకో వైరుకి కరెంటు తీసుకునే ముక్కని ఫ్యూజ్ ట్యాప్ అంటారు. అది కొనేముందు కార్లోంచి ఒక ఫ్యూజు పీకి జేబులో వేసుకుని షాపుకి వెళ్ళడం మంచిది. మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో2, ఏటీఓ, ఒక్కోదాని కాళ్ళు ఒక్కో కొలత. దగ్గరగా ఉంది కదా అని లావు కాళ్ళది బలవంతంగా దూరిస్తే లోపలి దవడలు విచ్చుకుంటాయి. తర్వాత అసలు ఫ్యూజు పెట్టినా వదులుగా కూర్చుని వేడెక్కుతుంది.

ట్యాప్‌లో కాళ్ళకి దగ్గరున్న గాడిలో పాత ఫ్యూజు, పై గాడిలో డిటెక్టరు కోసం బూడిద రంగు 2 ఆంపియర్లది. ఇంట్లో పడి ఉందని నీలం 15 పెట్టకూడదు. ఫ్యూజు కాపాడేది డిటెక్టరుని కాదు, వైరుని. సన్న వైరుకి 15 పెడితే ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు ఫ్యూజు కంటే ముందు వైరే కాలొచ్చు.

ట్యాప్‌ని ఎటు తిప్పి పెట్టాలన్నది చాలామంది వదిలేసే విషయం. తిరగేసి పెట్టినా డిటెక్టరు పనిచేస్తుంది, కాకపోతే దాని కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది. తేల్చుకోడానికి సులువైన పద్ధతి ఒకటుంది. పాత ఫ్యూజు తీసేసి, 2 ఆంపియర్లది ఒక్కటే పెట్టి, ట్యాప్ గుచ్చి, కారు ఆన్ చేసి వైరు చివర మీటరు పెట్టాలి. 12 వోల్టులు వస్తే సరైన వైపే ఉంది. రాకపోతే ట్యాప్‌ని అటునుంచి ఇటు తిప్పాలి.

వైరు కలిపే దగ్గర ఇంకో మెలిక. ట్యాప్‌కి వచ్చే నీలం కనెక్టరు లావు వైరు కోసం, డిటెక్టరు వైరేమో సన్నం. అలాగే నొక్కితే పట్టినట్టే ఉండి, నెల తర్వాత గతుకుల్లో జారిపోతుంది. చివర అంగుళం ఒలిచి, రాగి పోగుల్ని మెలిపెట్టి రెండుగా మడిచి దూర్చి నొక్కాలి. నొక్కాక గట్టిగా లాగి చూడాలి. వైరు కోయకుండా గిచ్చే స్కాచ్‌లాక్ క్లిప్పులు మాత్రం వద్దే వద్దు, అవి లోపల పోగుల్ని కొన్నిటిని కోసేయొచ్చు.

నల్ల వైరు గ్రౌండుకి, అంటే కారు ఇనప బాడీకి. రింగు టెర్మినల్ బిగించి, పెడల్స్ పక్కన బాడీ ఇనుములోకి వెళ్ళే బోల్టు కింద పెట్టాలి, బోల్టు విప్పడానికి 10 మిల్లీమీటర్ల సాకెట్ రెంచి సరిపోతుంది. ప్లాస్టిక్ చట్రాన్ని పట్టుకున్న బోల్టు పనికిరాదు, పెయింటు పూసినదైతే గీకాలి. డిటెక్టరు ఆగి ఆగి తనంతట తనే మళ్ళీ మొదలవుతుంటే ముందు అనుమానించాల్సింది ఈ బోల్టునే.

ఇక వైరు పైకి. ఎడమవైపు ఎ-పిల్లర్ (ముందు అద్దం పక్కనుండే స్తంభం) మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే వైరు బ్యాగుకి వెనకగానే పోవాలి, కంపెనీ వాళ్ళ వైరు కట్టని అంటిపెట్టుకుని. ముందు నుంచి వేస్తే బ్యాగు విచ్చుకున్నప్పుడు ఆ వైరు మొహం మీదికి కొరడాలా వస్తుంది. పిల్లర్ కవరు తీసేటప్పుడు కొన్ని కార్లలో క్లిప్పు ఒక్కసారికే పనికొస్తుంది, కొత్తది రెండు మూడు డాలర్లు. ఆ పైన ముందు అద్దం అంచు వెంట పైకప్పు గుడ్డలోకి వేలితోనే దూర్చేయొచ్చు. ఊగేచోట గుడ్డ టేపు చుడితే చప్పుడుండదు.

పిల్లర్ విప్పకుండా మధ్య అద్దం కనెక్టరు నుంచే కరెంటు తీసుకునే మిర్రర్ ట్యాప్ ఉంది. శుభ్రమైన పనే, కానీ ఆ కనెక్టరులో ఒక వైరు రివర్స్ గేరు వేసినప్పుడే కరెంటు ఇచ్చేది. అది పట్టుకుంటే కారు వెనక్కి వెళ్తున్నప్పుడు మాత్రమే రాడార్ కనిపెట్టే డిటెక్టరు తయారవుతుంది.

డిటెక్టరు ప్లగ్గు ఫోను ప్లగ్గులాగే ఉంటుంది కాబట్టి పాత ల్యాండ్‌లైన్ తీగ వాడేద్దామనిపిస్తుంది. వద్దు. ఫోను తీగల్లో సాధారణంగా రెండో చివర పిన్నుల వరస తిరగబడి ఉంటుంది. ఒక కంపెనీ తీగ ఇంకో కంపెనీ డిటెక్టరుకి కూడా పనికిరాదు, ప్లస్ మైనస్ తారుమారైతే డిటెక్టరే పోవచ్చు.

బిగించేది మధ్య అద్దం పక్కన, నేలకి సమాంతరంగా, రోడ్డు సూటిగా కనిపించేలా. లేన్ కెమెరాకి అడ్డం రాకూడదు, పైన ఉండే టింటు పట్టీ వెనక పెట్టకూడదు. ఆన్ చేయగానే కె బ్యాండ్ (ఒక రకం రాడార్ తరంగాలు) అని అరవొచ్చు. పక్కింటి కారు బ్లైండ్ స్పాట్ సెన్సరు కూడా 24 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటే అంతే, అది వైరింగు తప్పు కాదు. పోలీసు రాడార్లు ఎక్కువగా వాడే కేఏ బ్యాండ్ అని అరిస్తే మాత్రం యాక్సిలరేటరు మీంచి కాలు తీయాలి.

చివరి పరీక్ష: తాళం వేసి అరగంట వదిలేసి, అద్దంలోంచి తొంగి చూడటం. దీపం వెలుగుతోందంటే మళ్ళీ ఫ్యూజుల దగ్గరికే. ఇవాళ ఆరిపోయింది.

ఫ్యూజు పెట్టె మూత లోపల చిన్న కాగితం అంటించాలి: ఏ గాడి, ఎన్ని ఆంపియర్లు, తేదీ. సర్వీసు మెకానిక్ ఊరికే తికమకపడడు.

టెక్సాస్‌లో సొంత కారుకి ఇదంతా చట్టబద్ధమే. వర్జీనియాలోని ఆష్‌బర్న్ చుట్టాలింటికి కారులో బయల్దేరితే లెక్క మారుతుంది, వర్జీనియాలోనూ పక్కనే వాషింగ్టన్ డీసీలోనూ డిటెక్టరు నిషిద్ధం. వర్జీనియా చట్టం ప్రకారం కరెంటు లేకుండా, కార్లో ఉన్నవాళ్ళ చేతికి అందకుండా ఉంటే నేరం కాదు. స్విచ్ ఆపేస్తే చాలదు. సరిహద్దుకి ముందే ప్లగ్గు పీకి, డిటెక్టరుని డిక్కీలో సూట్‌కేసు అడుక్కి చేర్చాలి.