వెలిగొండ ముంపు జాబితాలో అమ్మ పేరు: నా అనుభవం

మాది వెలిగొండ ప్రాజెక్టు కింద మునిగిపోయే ఊరు. సవరించిన పునరావాస జాబితాలో మా అమ్మ పేరు నిన్ననే కళ్లారా చూసుకున్నాను. పేరు ఎక్కని ముసలమ్మలు ఇంకా ఉన్నారు, అందుకే రాస్తున్నా.

ప్రాజెక్టు మీద మాకు కోపం లేదు. శ్రీశైలం జలాశయం నుంచి కొల్లంవాగు దగ్గర కృష్ణా వరద నీళ్లు రెండు సొరంగాల్లో పడి రావాలి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులకు కట్టిన డ్యాముల వెనక నల్లమలసాగర్‌లో 53.85 టీఎంసీలు నిలవాలి. ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన పడమటి ప్రకాశానికి అవి అందాలి. అందుకే ఊరు వదలడానికి ఒప్పుకున్నాం. 1996లో శంకుస్థాపన జరిగింది. ముంపులో పోయే ఇంటికి సున్నమెందుకని అప్పటినుంచీ గోడలు అలాగే వదిలేశాం.

ఇంటి కొలతలు, చెట్ల లెక్క సాఫీగానే అయ్యాయి. తిప్పలన్నీ కుటుంబాల జాబితా దగ్గరే.

నాన్న లేడు. పునరావాస సాయం కుటుంబం లెక్కన ఇస్తారు. అమ్మా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి ఒకటే కుటుంబమని రాసుకుపోయారు. అభ్యంతరం చెబితే గ్రామసభలో అమ్మను లేపి నిలబెట్టారు. "ఏమ్మా, వేరే వండుకుంటున్నావా? నీ కొడుకు నీకు అన్నం పెట్టట్లేదా?" అని ఊరందరి ముందు అడిగాడు జాబితా రాసే అధికారి. అమ్మ చీర కొంగు గుప్పిట్లో నలుపుతూ, "నా కొడుకు నన్ను బాగా చూసుకుంటాడు సార్" అంది. వెంటనే "కలిసే ఉన్నారు" అని రాసేశాడు. అంతటితో వదల్లేదు. ఇంటికొచ్చి వంటగదిలో పొయ్యిలు లెక్కపెట్టి, అన్నం గిన్నె మూత ఎత్తి చూశారు. ఎన్ని ఎసర్లు పెడుతున్నామో వాళ్లకెందుకు? తల్లిని కడుపున పెట్టుకుని చూసుకునే ఇంటికి ఇదా మర్యాద?

రెండో పొయ్యి పెట్టించి, కొడుకు చూడట్లేదని చెప్పించమని ఒక మధ్యవర్తి సలహా ఇచ్చాడు. దానికి వాటా కూడా అడిగాడు. అమ్మ ససేమిరా అంది. నాకూ ఆ అబద్ధం అక్కర్లేదు.

2013 భూసేకరణ చట్టం తెచ్చి చదివాను. సెక్షన్ 3(ఎం)లో వితంతువులను వేరే కుటుంబంగా చూడాలని ఉంది. మేజర్లయిన కొడుకైనా కూతురైనా వేరే కుటుంబమే, పెళ్లితో పని లేదు. పొయ్యి మాట అందులో ఎక్కడా లేదు. ఆ పేజీ జిరాక్సు, నాన్న మరణ ధ్రువపత్రం, ఆధార్ జతచేసి సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చాను. ఆ పేజీ చూశాక ఎవరూ మాట్లాడలేదు, పేరు మాత్రం ఎక్కింది.

మీరు కూడా నోటిమాటగా ఏదీ అడగొద్దు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకునే బయటికి రండి. మధ్యవర్తికి రూపాయి ఇవ్వొద్దు. పెద్దవాళ్లను సభకు ఒంటరిగా పంపొద్దు.

డబ్బులు ఇంకా పడలేదు. జాబితాలో అమ్మ ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. బ్యాంకు దగ్గర ఆగిపోతుందేమోనని దానికీ అర్జీ రాసి పెట్టాను, ఈ సోమవారమే ఇస్తాను.