ఏడో లెక్కకు రెండు మార్కులు

కుటుంబం గురించి, బంధాల గురించి, మనసును చూసుకోవడం గురించి మనవాళ్ళకు పనికివచ్చేలా రెండు పేజీలు రాయమని మన పదో తరగతి బ్యాచ్ సమ్మేళనం సంచిక కమిటీ వారు కోరారు. ఫొటో కూడా పంపమన్నారు. మనస్తత్వ నిపుణురాలిని గనుక నా దగ్గర సలహాలు మూటగట్టి ఉంటాయని వారి నమ్మకం కాబోలు. సలహాలకు రుసుము తీసుకోవడం నా వృత్తి కాబట్టి, మనకు లెక్కలు చెప్పిన డస్టరు మేష్టారి గురించి మాత్రం ఉచితంగా రాస్తాను.

పొందూరు ఖద్దరు పంచె, జేబులో ఎర్ర సిరా కలం, డస్టరు విసిరితే తప్పని గురి. ఆ గురికి వెనక బెంచీ త్రిమూర్తులు నేటికీ సాక్షులే. కిటికీ అద్దం సంగతి, మేకపిల్ల సంగతి వాళ్ళే రాస్తారు. తొమ్మిదో తరగతి మొత్తంలో నాగావళి పొంగి బడి మూసేసిన రోజులు తప్ప నాకు మరేమీ గుర్తు లేదు. పదో తరగతిలో గుర్తున్నది ఒక్క రోజు.

అర్ధసంవత్సర పరీక్షల లెక్కల పేపర్లు పంచిన రోజది. ఏడో లెక్కను నేను పుస్తకంలోని పద్ధతిలో కాక మా చిన్నాన్న నేర్పిన దారిలో చేశాను. మేష్టారు నన్ను లేపి, "ఏటమ్మా, ఈ లెక్క ఎవుల్ని చూసి రాసినావు?" అని అందరి ముందూ అడిగారు. నేను నోరు విప్పేలోగానే, గంట కొట్టేదాకా నిలబడమన్నారు. మధ్యాహ్నం నేను అన్నం డబ్బా మూత తీయలేదు. చివరి పీరియడ్‌లో ఆయన గుమ్మం దగ్గరకు వచ్చి, నల్లబల్ల తుడిచే గుడ్డ నా చేతికిచ్చి, "పంపు కాడికెళ్ళి తడిపి తే" అన్నారు. ఆ గుడ్డ సుద్దపొడితో అట్టకట్టి ఉంది. ఎన్నిసార్లు పిండినా తెల్లటి నీళ్ళే వచ్చాయి. తిరిగి వచ్చేసరికి ఆయన వరండాలో నా పేపరు పట్టుకుని ఉన్నారు. ఏడో లెక్క మీద పెట్టిన ఇంటూ గుర్తును కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశారు. "రెండు మార్కులొస్తాయి, కలుపుకో. అన్నం తిన్నావా?" అన్నారు. అంతే. మరునాడు అదే లెక్కను నా దారిలోనే బల్ల మీద వేసి, "ఇలాగ కూడా చెయ్యొచ్చు" అని క్లాసుకు చెప్పారు. ఎవరి దారో చెప్పలేదు, నా వైపు చూడనూ లేదు. ఆ గుడ్డ పుణ్యాన నాకు "తడిగుడ్డ" అని పేరు పెట్టిన మహానుభావుడు ఈ సంచిక కమిటీలోనే ఉన్నాడు గనుక ఈ వాక్యం అచ్చులో మిగులుతుందో లేదో చూడాలి.

తరవాత ఇంటరు, డిగ్రీ, పెళ్ళి వరసగా అయిపోయాయి. బెంగుళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. చేస్తున్నప్పుడు, అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగం చదివాను. తల్లి తన పసిబిడ్డను ఆడిస్తూ ఆడిస్తూ, ఉన్నట్టుండి ముఖంలో ఏ కదలికా లేకుండా కాసేపు కూర్చుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, వేలు చూపిస్తుంది, చేతులు చాస్తుంది, చివరికి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. అప్పుడు తల్లి మళ్ళీ మామూలుగా పలకరిస్తుంది. ఆ ప్రయోగం పేరెత్తగానే అందరూ కదలని ముఖం గురించే మాట్లాడతారు గాని, నాకు ఆ చివరి పలకరింపే ముఖ్యం. సవ్యంగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా శ్రుతి కలిసి ఉండేది దాదాపు 30 శాతం సమయమేనని, మిగిలినదంతా తప్పడమూ సర్దుకోవడమేనని ట్రానిక్ పరిశీలనల్లో తేలింది. ఆ పాఠం విన్న సాయంత్రం నాకు గుర్తొచ్చింది పంపు దగ్గర పిండిన గుడ్డే.

మన జిల్లా ఇళ్ళలో క్షమించమని అడిగే తండ్రిని నేను చూడలేదు. "అన్నం తిన్నావా?" అనే తండ్రులను మాత్రం చాలామందిని చూశాను. అది చాలునా అని నన్ను అడిగే భార్యలున్నారు. చాలాసార్లు చాలదనే చెబుతాను. మేష్టారు కూడా అన్నం సంగతితో ఆగలేదు, మార్కులు దిద్దారు. ఇక ఆలుమగలు మాటలు మానేసి, "మీ నాన్నను భోజనానికి రమ్మను", "మీ అమ్మకు ఆకలి లేదని చెప్పు" అంటూ పిల్లల చేత కబుర్లు మోయించడం నాకు బొత్తిగా గిట్టదు. కుటుంబ బంధాలను పరిశీలించిన అమెరికా మనోవైద్యుడు ముర్రే బోవెన్ దీన్ని త్రికోణం అన్నాడు. ఇద్దరి మధ్య బరువు మూడోవారి మీద పడుతుంది, ఆ మూడోవారు ఏడేళ్ళ గుంటడైతే వాడు కడుపునొప్పితో నా దగ్గరకు వస్తాడు.

మన బ్యాచ్‌లో మిలిట్రీకి వెళ్ళినవారు తక్కువేమీ కాదు గనుక వారికోసం ఒక మాట. సెలవు మీద ఆమదాలవలస స్టేషన్‌లో దిగిన తండ్రికి బిడ్డ చేరువ కావడానికే కొన్నాళ్ళు పడుతుంది. అయితే ఏడాది పాటు దాచుకున్న క్రమశిక్షణనంతా ఆయన మొదటి వారంలోనే ఖర్చు పెడతాడు. పిల్లవాడు అమ్మ కొంగు వదలడు, ఈయన మనసు కష్టపెట్టుకుంటాడు, ఇద్దరూ సర్దుకునేసరికి రైలు టికెట్టు తేదీ వచ్చేస్తుంది. ముందు పది రోజులు మార్కుల ఊసెత్తవద్దని చెబుతాను. విన్నవారు ఫోను చేసి చెబుతుంటారు కూడా.

నన్ను నేను ఎలా చూసుకుంటానని కమిటీ అడిగింది. ఆదివారం ఫోను తీయను. నెలకొకసారి నాకంటే పెద్దవారి దగ్గర కూర్చుని, నన్ను ఇబ్బంది పెట్టిన కేసుల గురించి మాట్లాడుకుంటాను. మా వృత్తిలో అది విలాసం కాదు, విధి. విశాఖలో నా క్లినిక్ బోర్డు మీద పేరు పక్కన ఇన్ని అక్షరాలు అవసరమా అని మా అమ్మ గొణుగుతుంది గాని, ఊరి నుంచి ఏ చుట్టం వచ్చినా ముందు ఆ బోర్డు కిందకే తీసుకువస్తుంది. మా అమ్మాయికి లెక్కలు రావు. ఇంట్లో ఎవరూ దాన్ని నిలబెట్టరు.

మొన్న మన వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి ఒకరు "నిద్ర పట్టడం లేదు" అని రాస్తే, తెల్లారేసరికి శుభోదయం పువ్వులు తప్ప సమాధానం రాలేదు. నేను ఉదయం ఫోను చేసి మాట్లాడాను. అలాంటివారు 14416కు ఏ వేళ ఫోను చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ.

చివరగా, సమ్మేళనంలో నా ఉపన్యాసానికి అరగంట కేటాయించారని విన్నాను. అది అక్కరలేదు. నా దగ్గరకు తలనొప్పి, నడుంనొప్పి అంటూ వచ్చే ఇల్లాళ్ళలో చాలామంది ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలినది తినేవారే. కిందటి సమ్మేళనంలో మన ఆడవాళ్ళం వడ్డించి వడ్డించి, మా వంతు వచ్చేసరికి పనసకాయ కూర అయిపోయింది. ఈసారి మొదటి పంక్తి మాది. వడ్డన త్రిమూర్తులది.