2024లో ఆంధ్రప్రదేశ్: నాకు గుర్తుండేది బుడమేరు

2024 అనగానే అందరూ ఎన్నికలే చెబుతారు. మే 13న పోలింగ్, జూన్ 4న ఫలితాలు, 175 సీట్లలో కూటమికి 164, వైసీపీకి 11. జూలై 1 నుంచి వృద్ధుల పింఛను 4,000 రూపాయలైంది. అవన్నీ ముఖ్యమే. కానీ నా మనసు సెప్టెంబరు మొదటి వారం విజయవాడ వరదల దగ్గరే ఆగిపోతుంది.

ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు, అదే రికార్డు. అయినా విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర బుడమేరు వరదను డైవర్షన్ కాలువలోకి మళ్లిస్తే, అది బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి. నదే నిండుగా ఉంటే ఆ నీరు ఎక్కడికి పోతుంది? కాలువలో వెనక్కి తన్నింది, ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి.

పారే నీటిలో విడి రాళ్లు నిలవవు, కొట్టుకుపోతాయి. అందుకే ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి గేబియన్ కట్ట వేశారు, ఆర్మీ కూడా దిగింది. కట్ట నిలిచినా రాళ్ల సందుల్లోంచి ఊట వస్తూనే ఉంటుంది, దాన్ని మట్టితో మూయాలి. ఇంకోపక్క పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను విరగ్గొట్టాయి. గేటు బరువుకు సమతూకంగా ఉండే ఆ దిమ్మ లేకపోతే గేటు ఎత్తడం, దించడం కష్టం.

గండి పూడ్చడం మరమ్మతు మాత్రమే. బుడమేరు పాత దారిలో ఆక్రమణలు తీయాలి, కాలువ వెడల్పు చేయాలి. ప్రతి వేసవిలో ఇదే అడుగుతాను.