మూడో తరగతికి కాలాలు నేర్పిన నా అనుభవం

కాలాల పాఠం అనగానే భూత, వర్తమాన, భవిష్యత్కాలాలని పేర్లు వల్లె వేయించడం రివాజు. మూడో తరగతికి ఆ పేర్లు చివర్లో చెప్పినా చాలు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు క్రియ ఎలా మారుతుందో ముందే తెలుసు. తమకు తెలుసన్న సంగతి మాత్రం తెలియదు.

బోర్డు మీద ‘వచ్చా’ అని రాసి పక్కన ఖాళీ వదిలాను. నేను సర్వనామం చెబితే వాళ్లు ఖాళీ నింపాలి. నేను అంటే ‘ను’, నువ్వు అంటే ‘వు’, అతను అంటే ‘డు’, మేము అంటే ‘ము’, వాళ్లు అంటే ‘రు’, అవి అంటే ‘యి’. తరగతి హోరెత్తిపోయింది. ‘ఆమె’ అనేసరికి మాత్రం అందరూ ఆగిపోయారు. ఆ ఖాళీలో ఏదీ ఇమడదు, ‘వచ్చింది’ అనాల్సిందే. ఒక పాప లేచి, “అక్క వచ్చింది, ఆవు వచ్చింది అంటాం కదా టీచర్, మరి అక్కలు వచ్చాయి అని ఎందుకు అనం?” అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! ఏకవచనంలో స్త్రీలకూ జంతువులకూ వస్తువులకూ క్రియ ఒకటే. బహువచనంలో స్త్రీలు పురుషులతో కలుస్తారు: అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి. గౌరవం చూపాలంటే ఒక్కరికైనా ‘వచ్చారు’ అంటాం. వ్యాకరణంలో ఇంత అందమైన చోటు మరొకటి లేదని నా అభిప్రాయం.

తర్వాత ‘వచ్చా’ చెరిపి ‘వస్తున్నా’, ఆపైన ‘వస్తా’ రాశాను. చివరి అక్షరాలు అవే! క్రియ చివర ఎవరో చెబుతుంది, మధ్యభాగం ఎప్పుడో చెబుతుంది. ఇది పిల్లలే కనిపెట్టారు. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ రెండింటికీ రూపం ఒకటే కాబట్టి, అక్కడ రోజూ, రేపు లాంటి మాటలు చూడమన్నాను. ‘రాలేదు’ ఎవరికైనా మారదని తెలిసి సంబరపడ్డారు. ‘రాను, రావు, రాడు, రాదు, రారు’ దగ్గర మళ్లీ జాగ్రత్తపడ్డారు.

అసలు కష్టం రాతలో వచ్చింది. మాటల్లో తడబడని పిల్లలే వాక్యం పొడుగైతే ‘నాన్న, అన్నయ్య పొద్దున్నే బయలుదేరి పొలానికి వెళ్లాడు’ అని రాస్తారు. అందుకే నోటు పుస్తకాల్లో నేను క్రియను దిద్దను. కర్త కింద గీత గీసి, పైన ‘వాళ్లు’ అని రాసి ఇచ్చేస్తాను. దాన్ని పైకి చదివి, క్రియను వాళ్లే సరిచేసుకుంటారు.