లూకా కుర్చీలో డేవిస్

2025 ఫిబ్రవరి 3, సోమవారం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నేను పనిచేసే ఫిజికల్ థెరపీ క్లినిక్‌కి వచ్చిన పేషెంట్లలో ఒక్కరు కూడా నొప్పి గురించి మాట మొదలుపెట్టలేదు. "ఎలా ఉన్నారు" అంటే "ఎలా ఉంటాం" అన్నారు. శనివారం రాత్రి పదకొండు దాటాక వార్త వచ్చింది: మా బాస్కెట్‌బాల్ టీమ్ డాలస్ మావెరిక్స్ తన స్టార్ లూకా డాంచిచ్‌ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథనీ డేవిస్‌ని తెచ్చుకుంది. వార్త పెట్టిన రిపోర్టర్ అకౌంట్‌ని ఎవరో హ్యాక్ చేశారనుకున్నారు చాలామంది. భుజం ఆపరేషన్ చేయించుకుని నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన, పోస్టాఫీసులో రిటైరయినాయన, ఆ రాత్రి నిద్రపోలేదన్నాడు. ఆయన చేతిని పైకి లేపిస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భుజం నొప్పి వల్ల కాదు.

డాలస్‌లో ఉండనివాళ్లకి ఇది అతిగా అనిపించవచ్చు. డర్క్ నోవిట్స్కీ ఇక్కడ 21 సీజన్లు ఆడి, 2011లో కప్పు తెచ్చి, ఇక్కడే రిటైరయ్యాడు. ఆయన చివరి సీజన్లోనే పందొమ్మిదేళ్ల లూకా వచ్చాడు. 2024 జనవరిలో అట్లాంటా మీద ఒక్క మ్యాచ్‌లో 73 పాయింట్లు కొట్టాడు, అదే ఏడాది టీమ్‌ని ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. ఇతను కూడా ఇక్కడే ముసలివాడవుతాడని ఊరంతా నమ్మింది. ట్రేడ్ జరిగేనాటికి అతనికి పాతికేళ్లు. బదులుగా వచ్చిన డేవిస్‌కి ముప్ఫై ఒకటి. స్టేడియం బయట జనం శవపేటిక పెట్టి పూలు వేశారు.

విజయవాడలో పెరిగిన నాకు బాస్కెట్‌బాల్ స్కూల్ గ్రౌండ్‌లో చూసిన ఆట, అంతే. ఇక్కడికి వచ్చాక పేషెంట్లే నేర్పారు. అరగంట సేపు ఒకరి మోకాలు వంచుతూ ఉంటే ఏదో ఒకటి మాట్లాడాలి, డాలస్‌లో ఆ మాట మావ్స్, అంటే మావెరిక్స్. నేను ఈ క్లినిక్‌లో చేరిన కొత్తలో నాకంటే ముందు ఆ పోస్టులో ఉన్నావిడ గురించే అందరూ అడిగేవాళ్లు. ఆమె ఇలా పట్టుకునేది కాదు, ఆమె ముందు హీట్ ప్యాక్ పెట్టేది, ఆమెకి మా మనవళ్ల పేర్లన్నీ తెలుసు. నా యాస అర్థం కాక ఇద్దరు ముగ్గురు వేరే థెరపిస్ట్‌ని అడిగారు. నేనేం చేయగలనో చూడకముందే నేను ఎవరిని కానో చూసేశారు. అందుకే డేవిస్ గురించి మాట వచ్చినప్పుడల్లా నా మనసు ముందు అతనివైపే వెళ్లింది. లూకా పోవడంలో అతని చేయి లేదు. అతన్నీ ఎవరూ అడగలేదు.

మా పనిలో కొత్త పేషెంట్ వస్తే మొదటిరోజు ఇవాల్యుయేషన్ చేస్తాం. కీలు ఎంతవరకు వంగుతుందో కొలుస్తాం, కండరం బలాన్ని అయిదుకి ఎంతో వేస్తాం. కానీ బెంచీ మీద పడుకున్నప్పుడు అయిదుకి అయిదు వచ్చినవాడు మెట్లు దిగేటప్పుడు తడబడవచ్చు. కాబట్టి అసలు ప్రశ్న వేరే ఉంటుంది: ఈ మనిషి తిరిగి ఏ పనికి వెళ్లాలి, ఆ పని ఇతని ఒంటిని ఏం అడుగుతుంది? డేవిస్‌ని కూడా నేను ఇలాగే చూశాను.

బలం సంగతి ముందు. డేవిస్ 6 అడుగుల 10 అంగుళాల మనిషి. కానీ హైస్కూల్లో చాలాకాలం పొట్టివాళ్లు ఆడే గార్డ్ స్థానంలో ఆడాడు. తర్వాత ఒక్కసారిగా 8 అంగుళాల దాకా పెరిగాడు. ఎత్తు పెరిగినా గార్డ్ అడుగులు పోలేదు, అతని డిఫెన్స్ రహస్యం అదే. పిక్ అండ్ రోల్ అనే ఎత్తుగడలో బంతి ఉన్నవాడికి తోటి ఆటగాడు వచ్చి అడ్డుగోడలా నిలబడతాడు, కాపలా ఉన్నవాడు ఆ గోడకి తగిలి వెనకబడతాడు. అప్పుడు ఎదుటి టీమ్ పొడుగు మనిషి ముందుకి రావాలి. చాలామంది పొడుగువాళ్లు అక్కడే దొరికిపోతారు, చురుకైన గార్డ్ పక్కనుంచి జారిపోతాడు. డేవిస్ మాత్రం పక్కకి మూడు నాలుగు అడుగులు అతనితోపాటే జరిగి, మళ్లీ వెనక్కి తిరిగి బాస్కెట్ దగ్గర వేసే షాట్‌ని కూడా అందుకోగలడు. అతని మోకాళ్లు వంగే తీరు, తుంటి తిరిగే వేగం చూడండి. అంత ఎత్తు మనిషిలో అది అరుదు. ఎదుటివాడి షాట్‌ని చేత్తో ఆపే బ్లాకుల్లో మూడు సీజన్లు లీగ్ మొత్తానికీ మొదటివాడు. 2020లో లేకర్స్ కప్పు గెలవడానికి ఆ టీమ్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ ఎంత కారణమో ఇతనూ అంతే కారణం.

బంతి చేతిలో ఉన్నప్పుడు అతనేమీ తక్కువవాడు కాదు. గాల్లోకి వేసిన పాస్‌ని పట్టి వెయ్యడం, బాస్కెట్‌కి దగ్గర్లో తిరిగి షాట్ కొట్టడం, మిస్సయిన బంతిని మళ్లీ లాక్కోవడం అన్నీ ఉన్నాయి. ఫిబ్రవరి 8న హ్యూస్టన్ మీద డాలస్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, 7 అసిస్ట్‌లు, 3 బ్లాకులు. ఇదంతా మూడో క్వార్టర్ అయ్యేలోపే. మా ఆయన, నేను టీవీ ముందు అన్నం ప్లేట్లు పట్టుకుని అలాగే ఉండిపోయాం. "పర్లేదోయ్, మనవాడే" అన్నారు ఆయన. ఆ వెంటనే డేవిస్ గజ్జ దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

ఆ చెయ్యి ఎక్కడ పెట్టాడో చూడగానే నాకు గుండె జారింది. జనవరి 28న, ఇంకా లేకర్స్‌లో ఉండగా, పొట్ట కండరం పట్టేసి ఆట మధ్యలో వెళ్లిపోయాడు. ఇప్పుడేమో తొడ లోపలి కండరం, అడక్టర్. బయటికి ఇవి రెండు వేరు వేరు గాయాల్లా కనిపిస్తాయి. కానీ పొట్ట ముందు కండరం పైనుంచి వచ్చి, అడక్టర్ కిందనుంచి వచ్చి, రెండూ కటి ఎముక ముందుభాగంలో దాదాపు ఒకే చోట అతుక్కుంటాయి. ఒకటి బలహీనపడితే లాగుడంతా రెండోదాని మీద పడుతుంది. పక్కకి జరగడం, ఒక్కసారి ఆగి పైకి ఎగరడం, గాల్లో ఒళ్లు తిప్పడం: డేవిస్ గొప్పతనం ఏ కదలికల్లో ఉందో, ఆ జాగాకి భారం కూడా ఆ కదలికల వల్లే. అతని బలాన్నీ బలహీనతనీ రెండు కాలమ్‌లలో విడివిడిగా రాయడం నాకు చేతకాదు, అవి ఒకే చోట ఉన్నాయి.

'గాజు బొమ్మ' అని అతన్ని వెక్కిరిస్తే నాకు కోపం వస్తుంది. 2020-21లో 36 మ్యాచ్‌లు, తర్వాతి సీజన్లో 40, ఆ తర్వాత 56 ఆడాడన్నది నిజమే. కానీ 2023-24లో 76 ఆడాడు. దెబ్బ తగిలిన ప్రతిసారీ మొదటి నుంచి కండరం కట్టుకుని తిరిగి వచ్చినవాడు అతను. అలా తిరిగి రావడం ఎంత విసుగు పనో రోజూ పేషెంట్ల పక్కన నిలబడి చూస్తున్నదాన్ని.

అసలైన లోటు ఇంకొకటి ఉంది, దాన్ని ఊళ్లో తక్కువమంది మాట్లాడారు. డేవిస్ వేరేవాళ్లు తయారుచేసిన అవకాశాన్ని పూర్తి చేసేవాడు. ఆఖరి రెండు నిమిషాల్లో బాస్కెట్‌కి దూరంగా బంతి పట్టుకుని, ఇద్దరు మీద పడుతుంటే దారి వెతికేవాడు కాదు. మూడు పాయింట్ల షాట్ మీద భరోసా పెట్టుకోలేం. పైగా బాస్కెట్ దగ్గర నిలబడే సెంటర్‌గా కాకుండా, పక్కన ఇంకో పొడుగు మనిషితో పవర్ ఫార్వర్డ్‌గా ఆడితేనే బాగుంటానని జనవరిలో తానే చెప్పాడు. ఆ ఒక్క విషయంలో అప్పుడు డాలస్ అతనికి తగిన చోటు. అప్పటి టీమ్‌లో ఉన్న లైవ్లీ, గ్యాఫర్డ్ ఇద్దరూ సెంటర్లే. డిఫెన్సే కప్పులు గెలిపిస్తుందన్న అప్పటి జనరల్ మేనేజర్ నికో హ్యారిసన్ మాట ఈ లెక్కలోంచే వచ్చి ఉండాలి. కానీ బంతిని అందించేవాడు? లూకా పోయాక ఆ పనంతా గార్డ్ కైరీ ఇర్వింగ్ ఒక్కడి మీద పడింది. మార్చి 3న కైరీ మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. ఆ గాయం నుంచి కోలుకోవడానికి తొమ్మిది నెలలు అనేది ఆశావహమైన లెక్క. మార్చి 24న డేవిస్ తిరిగొచ్చేసరికి అతని చేతికి బంతి అందించాల్సినవాడు కర్రల మీద ఉన్నాడు.

ఐపీఎల్ చూసేవాళ్లకి హార్దిక్ పాండ్యా గుర్తుంటాడు. గుజరాత్ నుంచి ముంబైకి ట్రేడ్ అయ్యి, రోహిత్ స్థానంలో కెప్టెనయితే 2024లో సొంత వాంఖడేలోనే జనం గోల చేశారు. డాలస్ జనం అలా చెయ్యలేదు. "ఫైర్ నికో" అని అరిచారు, డేవిస్‌కి మాత్రం చప్పట్లు కొట్టారు. ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీలో వచ్చి, అతని కోసం వేసిన వీడియో చూసి ఏడ్చి, తర్వాత 45 పాయింట్లు కొట్టిన రాత్రి కూడా అంతే. కోపం ఎవరి మీద చూపాలో ఈ ఊరికి తెలుసు. ఈ ఊరి మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

ఏప్రిల్ 18న మెంఫిస్‌తో, ప్లేఆఫ్స్‌లోకి చేరడానికి ఆడే ప్లే-ఇన్ మ్యాచ్‌లో డేవిస్ 40 పాయింట్లు కొట్టాడు, మావ్స్ ఓడిపోయింది, సీజన్ అయిపోయింది. మరుసటి వారం మా పోస్టాఫీసు పెద్దాయన చెయ్యి తలపైదాకా లేస్తోంది, మాట కూడా గట్టిగానే లేచింది. "ఇతన్ని కూడా అమ్మెయ్యాలి, కుర్రాళ్లని తెచ్చుకోవాలి" అన్నాడు. ఒప్పుకోలేదు నేను. డాలస్‌కి వచ్చాక రెగ్యులర్ సీజన్లో అతను ఆడింది 9 మ్యాచ్‌లు. దాంతో మనిషిని తేల్చెయ్యకూడదు. ఈ వేసవి మొత్తం ఆ పొట్ట, తొడ కండరాలకి ఇవ్వాలి. పక్కన లైవ్లీని నిలబెట్టి అతన్ని ఫార్వర్డ్‌గానే ఆడించాలి. వరుసగా రెండు రాత్రులు మ్యాచ్ ఉంటే ఒకటి మాన్పించాలి. కైరీ వచ్చేదాకా బంతి నడిపే గార్డ్‌ని ఒకణ్ని ఎక్కడినుంచైనా తేవాలి. ఈ నాలుగూ చేశాక కూడా కుదరకపోతే అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను.

"నువ్వు అతని తరఫు లాయరువా?" అన్నాడాయన.

"థెరపిస్ట్‌ని" అన్నాను. "ఇంకో పది సార్లు లేపండి."