నీడ పడకుండా

మంగళవారం, రాత్రి 10:15

ఉదయం అయిదున్నరకే మెలకువ వచ్చింది. ఆరిన బట్టలు తెద్దామని మిద్దె మీదికి వెళితే శేషాచలం కొండల మీద ఇంకా పల్చటి వెలుగే ఉంది కానీ గాలి అప్పటికే వెచ్చబడింది. ఏప్రిల్ చివర్లో తిరుపతి ఇంతే. పగలంతా ఎండ తాగిన కొండ, రాత్రంతా ఆ వేడిని ఊరి మీదికి వదులుతూనే ఉంటుంది.

కిందికి దిగి, హాల్లో దీపం వేయకుండానే ఉప్పునీటి చేపల తొట్టి దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా కాదు, పక్క నుంచి, గోడను ఆనుకుని. ఈ మూడు వారాల్లో నాకు అలవాటైన నడక ఇది. తొట్టిలోని సముద్రపు పురుగు తల బయటే ఉంది. చిటికెన వేలి గోరంత కుచ్చు, లేత గోధుమరంగు, అంచున తెల్లటి చారలు. ఊపిరి బిగబట్టి కాసేపు చూశాను. తరువాతే పళ్ళు తోముకోవడానికి వెళ్ళాను.

దుకాణాల్లో దీన్ని ఫెదర్ డస్టర్ వార్మ్ అంటారు. వానపాముకు, జలగకు దూరపు చుట్టం. మట్టి రేణువులను తన ఒంటి జిగురుతో కలిపి గొట్టం కట్టుకుంటుంది. ఒళ్ళంతా ఆ గొట్టంలోనే దాచుకుని, తల మీది ఈకల్లాంటి కుచ్చును మాత్రం బయటికి విప్పుతుంది. మా ఇంట్లో దాని పేరు వింజామర. ఆ పేరు పెట్టింది అత్తయ్య. తెచ్చిన రెండో రోజు అది పూర్తిగా విచ్చుకున్నప్పుడు, "గోవిందరాజస్వామి ఊరేగింపులో వీచే వింజామరలా ఉందే అమ్మాయీ" అన్నారు. అంతకు మించిన పేరు నాకు తట్టలేదు.

నిరుడు సంక్రాంతి తరువాత చెన్నై కొళత్తూరులో కొన్నాను. అలంకార చేపల దుకాణాలకు ఆ పేట పెట్టింది పేరు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో థర్మాకోల్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, తిరుత్తణి, పుత్తూరు దాటి రేణిగుంట వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను. ఇంటికి వచ్చాక సన్నటి గొట్టం ద్వారా మా తొట్టి నీళ్ళను బొట్టుబొట్టుగా గంటన్నర పాటు దాని సంచిలోకి వదిలాను. దీన్ని గాలిలోకి ఎత్తకూడదు, గొట్టంలో గాలిబుడగ చిక్కుకుంటే ప్రమాదం. అందుకే చిన్న గిన్నెతో నీళ్ళలోనే ఉంచి తొట్టిలోకి మార్చాను.

కాఫీ అయ్యాక రోజువారీ పని. మాది మూడడుగుల తొట్టి, 120 లీటర్ల నీళ్ళు. ఎండాకాలంలో పైన ఫ్యాను కూడా తిరుగుతుంది కాబట్టి రోజుకు రెండు లీటర్ల దాకా ఆవిరైపోతుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు లోపలే మిగిలి చిక్కబడుతుంది. అందుకని తగ్గిన మేరకు మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. ఒక్క చుక్క నీటిని సాంద్రత చూసే పరికరం అద్దం మీద వేసి వెలుగుకేసి పట్టాను. 1.026. నేను పనిచేసే ల్యాబులో మూత్రం సాంద్రత చూడటానికి వాడేది కూడా ఇలాంటి పరికరమే కనుక నా చేతికి ఇది కొత్త కాదు. ఆర్‌ఓ నీళ్ళు నెమ్మదిగా పోశాక 1.025కి వచ్చింది.

ఈ నీళ్ళ గురించి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. రాగి పాత్ర తొట్టి దగ్గరికి రాకూడదు. మొదటి నెలలో ఒకరోజు ఆర్‌ఓ డబ్బా ఖాళీ అయితే, అత్తయ్య తన రాగి బిందెలో రాత్రంతా ఉంచిన నీళ్ళు చెంబుతో తెచ్చారు. "మనకు మంచిదైనది దానికి మాత్రం మంచిది కాదా?" అని ఆమె ప్రేమతోనే అడిగారు. నేను దాదాపు పరుగెత్తి చెంబు పట్టుకున్నాను. వెన్నెముక లేని సముద్రజీవులకు రాగి విషం, చేపలు తట్టుకోగలిగిన మోతాదు కూడా వీటి ప్రాణం తీస్తుంది. చేపల మందుల్లో కొన్నింటిలో రాగి ఉంటుంది కాబట్టి సీసా మీది అక్షరాలు చదవకుండా నేను తొట్టిలో ఏదీ వేయను. అత్తయ్య ఆ తరువాత నా కంటే గట్టి కాపలాదారు అయ్యారు. తొట్టి పక్కన ఎవరు చెంబు పెట్టినా ఊరుకోరు.

ఆరున్నరకు మేత. వింజామర నీళ్ళలో తేలే సూక్ష్మమైన పాచిని వడగట్టుకుని తింటుంది. ఆ పాచిని నేనే పెంచుతున్నాను. వంటింటి కిటికీలో రెండు లీటర్ల సీసాలు మూడు, ఒక్కోదానిలో గాలి గొట్టం, పక్కన ట్యూబులైటు. ఉప్పునీళ్ళలో కొద్దిగా ఎరువు, దానిలో నానోక్లోరాప్సిస్ అనే పాచి విత్తనం. వారానికల్లా పచ్చగా చిక్కబడుతుంది. కోసిన పాచిని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనే ఉంచి రోజూ ఒకసారి కుదుపుతాను. దాని కణం అడ్డంగా రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. మన ఎర్ర రక్తకణంలో సగం కూడా ఉండదు. మైక్రోస్కోపు కింద మొదటిసారి చూసినప్పుడు, ఇంత చిన్న మెతుకును అంత సుకుమారమైన ఈకలు పట్టుకుంటాయా అని ఆశ్చర్యపోయాను.

పట్టుకోవడమే కాదు, ఏరుతాయి కూడా. ఒక్కో ఈకకు రెండు వైపులా ఇంకా సన్నని పీచులు, వాటి మీద ఎప్పుడూ ఆడుతూ ఉండే రోమాలు. నీటిలో వచ్చిన రేణువు ఈక మధ్య గాడిలో పడి కిందికి జారుతుంది. మరీ పెద్దదైతే బయటికి పోతుంది. మధ్యరకం గొట్టం కట్టడానికి పక్కన చేరుతుంది. అన్నిటికంటే చిన్నవి నోటికి వెళతాయి. మా అమ్మ చేటలో బియ్యం, నూకలు, మట్టిబెడ్డలు వేరు చేసేది. ఆ చేట కదలిక నాకు ఇక్కడ కనిపిస్తుంది.

ఈకలే దాని మొప్పలు కూడా. ఈ జాతి పురుగుల రక్తంలో హిమోగ్లోబిన్‌కు బదులు క్లోరోక్రూయోరిన్ ఉంటుంది. దానిలోనూ ఇనుమే ఉన్నా, పల్చగా ఉంటే పచ్చగా, చిక్కగా ఉంటే ఎర్రగా కనిపిస్తుంది. రోజంతా ఎర్ర రక్తంతో నింపిన గాజు గొట్టాలు సర్దే నాకు, ఇంట్లో ఒక పచ్చటి రక్తం నిశ్శబ్దంగా ఊపిరి పీలుస్తోందన్న తలపు చాలా ఇష్టం.

ఆ ఈకలే మూడు వారాల కిందట ఊడిపోయాయి. ఆ తప్పు నాది. రాతికి పట్టిన పాచి గీకుదామని రాయి జరిపాను, గొట్టం ఊగింది. అదే సాయంత్రం కరెంటు పోయి నీరు 30 డిగ్రీలు దాటింది. మర్నాడు ఉదయం చూస్తే కుచ్చు మొత్తం ఇసుక మీద పడి ఉంది, పూజలో వాడిన పువ్వులా. గొట్టం నోరు మూసుకుంది. ఆ పూట అన్నం ముద్ద దిగలేదు. ఆయన, "చిన్న పురుగు కోసం ఇంత బాధ ఎందుకు?" అని అడగలేదు. పక్కన కూర్చున్నారు. నాకు అది చాలు.

కొళత్తూరు దుకాణాయనకు ఫోన్ చేస్తే ఒకటే మాట చెప్పాడు. "గొట్టం పారేయవద్దు అమ్మా. వాసన చూడండి. వాసన రాకపోతే ప్రాణం ఉన్నట్లే." భయపడినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు ఇవి కుచ్చును తామే వదిలేస్తాయి. ఒళ్ళు బాగుంటే కొన్ని వారాల్లో కొత్తది మొలుస్తుంది. నీళ్ళలోనే చూపుడు వేలితో తాకితే గొట్టం గట్టిగానే ఉంది. ఆ రోజు నుంచి పొద్దునా రాత్రీ తొట్టి మీద వాసన చూడటం, పాచినీళ్ళు కొద్దికొద్దిగా వేయడం. పన్నెండో రోజున గొట్టం నోటి దగ్గర నూలుపోగుల్లాంటివి నాలుగైదు కనబడ్డాయి.

ఇక ఈ రోజు మధ్యాహ్నం. రెండు గంటలకు ల్యాబులో నమూనాలు యంత్రంలో పెడుతుండగా అత్తయ్య ఫోన్ చేశారు. కరెంటు పోయిందట. ఇన్వర్టరు మీద నీటి పంపు, ఫ్యాను నడుస్తున్నాయి కానీ హాలు వేడెక్కుతోంది. తొట్టిలో అంకెలు ఎంత చూపిస్తున్నాయో చదవమన్నాను. "ఇరవై ఎనిమిదిన్నర." మామూలుగా 26 దగ్గర ఉండేలా చూస్తాను. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెట్టిన నీళ్ళ సీసా ఒకటి తీసి, మూత గట్టిగా ఉందో లేదో చూసి, వింజామరకు దూరంగా, కుడి మూలన తేల్చమన్నాను. సీసా వేసిన చప్పుడు ఫోనులో వినబడింది. తరువాత ఆమె గొంతు మారిపోయింది.

"అమ్మాయీ, నేను ఒంగగానే లోపలికి పోయింది. మళ్ళీ రాలిపోతుందా? నా వల్లేనా?"

దాని ఈకల మీద వెలుగును పసిగట్టే కన్నుల్లాంటి చుక్కలుంటాయి అత్తయ్యా, మీ నీడ పడింది, చేప వచ్చిందనుకుని దాక్కుంది, అంతే, అని చెప్పాను. ఒంటి పొడవునా సాగే లావుపాటి నరం ఒకటి ఉండటం వల్ల రెప్పపాటులో లోపలికి పోతుందని, బయటికి రావడానికే సమయం తీసుకుంటుందని కూడా చెప్పాను. "అయితే బయటికి వచ్చేదాకా ఫోన్ పెట్టను" అన్నారు. నేను ఫోనును భుజానికి, చెవికి మధ్య ఇరికించుకుని నమూనాల మీద చీటీలు అతికిస్తూ ఉన్నాను. అవతల చప్పుడు లేదు. వీధిలో పుచ్చకాయల బండి కేక మాత్రం వినిపించింది. ఆరు నిమిషాల తరువాత, గుడిలో మాట్లాడినట్లు గుసగుసగా, "వస్తోంది. ముందు ఒక్క కొస… ఇప్పుడు సగం…" అన్నారు. అప్పుడు ఫోన్ పెట్టేశారు.

నా గొంతులో ఏదో అడ్డుపడింది. మూడేళ్ళ కిందట మామయ్యగారు పోయాక ఆమె హాల్లో ఎక్కువసేపు కూర్చునేవారు కాదు.

సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వచ్చాను. నీరు 26.8కి దిగింది. రేపు 12 లీటర్లు మార్చాలి కాబట్టి లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపి బకెట్‌లో పంపు పెట్టాను, తెల్లవారేసరికి బాగా కరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట వైపు తీరం మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అప్పటిదాకా ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. మన జిల్లాలోనే సముద్రం ఉన్నప్పుడు బకెట్‌లో ఉప్పు కలపడం ఎందుకని మా పాప అడిగింది. పులికాట్ సరస్సు నీటిలో ఉప్పు వానాకాలానికి ఒకలా, ఎండాకాలానికి ఒకలా మారుతుందని, అసలు తీరం నుంచి వారం వారం డబ్బాలు మోసుకురావడం నా వల్ల కాదని చెప్పాను. సెలవుల్లో ఒకసారి తీరానికి తీసుకెళతానని మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవాలి.

పాప సీతాకోక చేప కావాలని కూడా అడుగుతోంది. అది వింజామర ఈకలను కొరికి తింటుంది. క్లౌన్ చేపలు రెండూ చాలని చెప్పాను, కాస్త అలిగింది.

రాత్రి అన్నాలయ్యాక చూస్తే అత్తయ్య కుర్చీ చోటు మారింది. ఇదివరకు ట్యూబులైటుకు, తొట్టికి మధ్య ఉండేది. ఇప్పుడు గుమ్మం వైపు జరిపి వేసుకున్నారు. ఆమె నీడ గోడ మీద పడుతోంది, తొట్టి మీద కాదు. నేనేమీ అనలేదు. వెళ్ళి పక్కన నేల మీద కూర్చున్నాను.

అప్పుడే గమనించాను. పాత గొట్టం ముదురు మట్టిరంగు. దాని నోటి చుట్టూ ఇప్పుడు సన్నటి లేత బూడిదరంగు అంచు ఉంది, చేతి గాజుకున్నంత మందం. కొత్తగా కట్టింది. అత్తయ్యకు చూపిస్తే కళ్ళద్దాలు సరిచేసుకుని, ఒంగకుండా, ఉన్నచోటు నుంచే చూశారు.

"రేపు పొద్దున ఆ పచ్చనీళ్ళు నేను వేయనా?"

మొదట్లో ఆ సీసాలను వంటింట్లోంచి తీసేయమని అడిగింది ఈమే. డ్రాపరుతో ఎన్ని గీతల దాకా తీయాలో, కుచ్చు మీద కాకుండా దానికి ఎగువన, నీరు వచ్చే వైపు ఎలా వదలాలో గ్లాసులో మామూలు నీళ్ళతో చూపించాను. రెండుసార్లు చేసి చూశారు. చెయ్యి కొద్దిగా వణికింది కానీ చుక్క సరిగ్గానే పడింది. ఆరున్నరకు తనను లేపమన్నారు.