అజాన్ లేని నమాజు

ఈ రంజాన్ పండుగకు మా చిన్నోడిని మొదటిసారి హైదరాబాద్ మీరాలం ఈద్గాకు తీసుకెళ్లాను. వరుసలో నిలబడగానే, "నాన్నా, అజాన్ ఇంకా ఇవ్వలేదే?" అన్నాడు. రోజూ ఐదు పూటలా వినే పిలుపు కదా! పండుగ నమాజుకు అజాన్ ఉండదు, నమాజు మొదలయ్యే ముందు వరుసలో ఇచ్చే రెండో పిలుపు ఇఖామత్ కూడా ఉండదు. శుక్రవారం జుమా నమాజుకు ముందుండే ఖుత్బా, అంటే ఇమామ్ ప్రసంగం, ఈద్‌కు నమాజయ్యాకే.

మా హనఫీ సంప్రదాయంలో ఈ నమాజుకున్న రెండు రకాత్‌లలో (భాగాల్లో) ఒక్కోదానికి మూడు చొప్పున ఆరు తక్బీర్లు, అంటే చేతులెత్తి 'అల్లాహు అక్బర్' అనడాలు, ఎక్కువ. చేతులు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టుకోవాలో తెలియక పక్కనున్న పెద్దాయన్ని చూస్తూ చేశాడు. తర్వాత ఆయనే ముందుగా వాడిని గుండెలకు హత్తుకుని ఈద్ ముబారక్ చెప్పారు.

మా నాన్న పోయాక ఇదే మొదటి పండుగ. ఆయన పూసుకునే అత్తరే ఆ పెద్దాయనా పూసుకున్నారు. పొద్దుగూకాక ఇచ్చే మగ్రిబ్ అజాన్ దాకా మావాడి కుర్తాకు ఆ వాసన అలాగే ఉంది.